నిండిన చెరువుకు మరవ ఉండాలమ్మా

ఉత్తరం:

"సార్, మాది కడప. మా ఆయన హైస్కూల్లో లెక్కల టీచరు. రిటైరయ్యాక మూడేళ్ల కిందట కాలం చేశారు. ఆయన ఎప్పుడో కొనిపెట్టిన ఒక బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీ షేర్లు 110 నా పేరు మీదికి మార్పించుకున్నాను. మా అబ్బాయి బెంగళూరులో అలాంటి కంపెనీలోనే పని చేస్తాడు. 'కంపెనీ దగ్గర వేల కోట్లు ఊరికే పడి ఉన్నాయమ్మా, మళ్లీ బైబ్యాక్ పెడతారు, అంటే మన షేర్లు కంపెనీయే కొంటుంది, అప్పుడు ఇచ్చేద్దాం' అంటాడు. ప్రొద్దుటూరులో ఉండే మా తమ్ముడు మాత్రం 'సత్యం వాళ్లూ ఇట్లే వేల కోట్లున్నాయన్నారు, ఏమైంది? ఇప్పుడే అమ్మేసి బంగారం కొను' అంటాడు. ఇద్దరి మధ్య నాకు టెన్షన్ పట్టుకుంది. అసలు అంత డబ్బు కంపెనీ ఎందుకు దాచుకుంటుంది? అది మంచికా, చెడ్డకా? బైబ్యాక్ వస్తే ఇవ్వాలా, వద్దా? ఇంకో మాట. అంత డబ్బు ఉన్నప్పుడు మన కడపలో ఒక ఆఫీసు పెట్టొచ్చు కదా, మా వాడు ఇంటికొస్తాడు. మిద్దె కారుతోంది, దగ్గరుండి బాగు చేయించే మనిషి లేడు."

సమాధానం:

అమ్మా,

మీ కంపెనీ పేరు ఇక్కడ వేయడం లేదు. ఆ పేరుతో పని లేకుండానే మీ ప్రశ్నలకు జవాబు చెప్పొచ్చు.

నేను బ్యాంకు ఉద్యోగంలో చేరిన కొత్తలో పోరుమామిళ్లలో పని చేశాను. సాయంత్రం బ్రాంచి మూశాక చెరువు కట్ట మీదికి నడిచి వెళ్లేవాణ్ణి. ఆ చెరువును విజయనగరం రోజుల్లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి శాసనం ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్లు పని చేస్తే చెరువు పూర్తయిందని అందులో రాసి ఉంది. అంతకంటే నన్ను పట్టుకున్నది ఇంకో భాగం. మంచి చెరువుకు ఏమేమి కావాలో పన్నెండు చెప్పి, చెరువుకు పట్టే దోషాలు ఆరు చెప్పారు. కట్టలోంచి నీరు ఊరిపోవడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు కొంచెమై సాగునేల ఎక్కువ కావడం. ఆరోది, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం.

నీళ్ల కోసం మొహం వాచిన సీమలో, నీరు ఎక్కువ కావడం కూడా దోషమేనని ఆరున్నర వందల ఏళ్ల కిందట రాయి మీద చెక్కించారు! కంపెనీల దగ్గర పోగుపడిన నగదు గురించి ఎవరు అడిగినా నాకు ఆ ఆరో దోషమే గుర్తొస్తుంది. చెరువులో ఎంత నీరుందని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. కింద ఎంత ఆయకట్టు ఉంది, తూములు పని చేస్తున్నాయా, నిండినప్పుడు నీళ్లు పోవడానికి మరవ ఉందా, ఇవీ చూడాలి. మరవ అంటే అదే, కొన్ని చోట్ల అలుగు అంటారు, చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లి పోయే చోటు.

మొదట అసలు ఎందుకు దాచుకుంటారో చెప్తాను. సాఫ్ట్‌వేర్ కంపెనీకి మిల్లులూ యంత్రాలూ పెద్దగా ఉండవు. దాని ఖర్చులో సింహభాగం జీతాలే. పని చేయించుకున్న విదేశీ కంపెనీ బిల్లు కట్టడానికి నెలా రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. జీతాలు మాత్రం నెలాఖరుకు పడాల్సిందే. అందుకని కొన్ని నెలల జీతాలకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకోవడం ఆ వ్యాపారానికి ఊపిరి లాంటిది. బ్యాంకు అప్పు ఇస్తుంది కదా అంటారేమో. బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పని చేసినవాడిగా చెప్తున్నాను, వానలు బాగా పడిన ఏడాది అప్పు ఇస్తామని మేమే తలుపు తట్టేవాళ్లం, కరువొచ్చిన ఏడాది మా తలుపులు అంత తొందరగా తెరుచుకునేవి కావు.

కరువు చూసినవాడు గాదె నింపుకోకుండా ఉండలేడు. యాపిల్ కంపెనీ సంగతి చూడండి. 1997లో అది దివాలా అంచున ఉంటే పోటీదారైన మైక్రోసాఫ్ట్ 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది. అది చూసిన మనుషులే తర్వాత ఆ కంపెనీని నడిపారు. ఐపాడ్, ఐఫోన్ అమ్ముడుపోయి డబ్బు వరదలా వచ్చినా 2012 దాకా వాటాదారులకు డివిడెండు, అంటే లాభంలో వాటా, ఇవ్వలేదు. తప్పా? కొన్నేళ్ల వరకు తప్పు కాదనే నేనంటాను. ఎందుకంటే ఆ డబ్బుతో వాళ్లు చేసిన ఒక పని మన చీనీ (బత్తాయి) తోటల వ్యాపారి చేసే పని లాంటిది. కాయ పక్వానికి రాకముందే వ్యాపారి తోటకొచ్చి, చెట్లు చూసి, అడ్వాన్సు చేతిలో పెట్టి పంట మాట్లాడుకుని పోతాడు. ఆ తర్వాత ధర పెరిగినా కాయ వాడిదే. 2005లో యాపిల్ శాంసంగ్, ఇంటెల్, మైక్రాన్, హైనిక్స్, తోషిబా కంపెనీలకు మొత్తం 125 కోట్ల డాలర్లు ముందే కట్టి, 2010 వరకు తనకు కావలసిన మెమరీ చిప్పులు మాట్లాడుకుంది. చేతిలో రొక్కం లేనివాడు ఆ బేరానికి కూర్చోలేడు. నగదుకు ఇంతకంటే మంచి వాడకం నాకు తెలియదు. తూము తెరిచారు, నీరు పొలానికి పోయింది, పంట వచ్చింది.

అదే యాపిల్‌కు తర్వాత పోరుమామిళ్ల శాసనంలోని ఇంకో దోషం పట్టుకుంది, రెండు రాజ్యాల పొలిమేర. 2013లో దాని దగ్గర దాదాపు 14,500 కోట్ల డాలర్ల నగదు, పెట్టుబడులు ఉన్నాయి. అందులో ఎక్కువ భాగం అమెరికా బయట ఉంది. సొంత దేశానికి తెస్తే భారీ పన్ను. అందుకని అంత డబ్బు పెట్టుకుని కూడా వాటాదారులకు ఇవ్వడానికి బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మి 1,700 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. అమెరికాలో 2017లో పన్ను చట్టం మారాకే ఆ పీటముడి వీడింది. ఆ తర్వాత మరవ ఎంత ఎత్తున పారిందంటే, 2024లో ఒక్క ప్రకటనతోనే 11,000 కోట్ల డాలర్ల విలువైన సొంత షేర్లు కొంటామంది. కాబట్టి 'కంపెనీ దగ్గర ఇంత ఉంది' అన్న అంకె చూసి ఊరుకోకండి. ఎక్కడ ఉంది, తెచ్చుకోగలదా అనేది వేరే ప్రశ్న.

ఇక నీరెక్కువై నేల తక్కువైతే ఏం చేయాలి? నిజాయతీగల యజమాని 'నాకు సాగు చేసేంత నేల లేదు, మీ నీళ్లు మీరు తీసుకోండి' అంటాడు. 2004లో మైక్రోసాఫ్ట్ అదే చేసింది. షేరుకు 3 డాలర్ల చొప్పున ఒక్కసారే దాదాపు 3,200 కోట్ల డాలర్లు వాటాదారులకు పంచింది. ఆ పని చేయకుండా నీళ్లున్నాయి కదా అని చవుడు నేలకు పారిస్తే ఏమవుతుందో కూడా మైక్రోసాఫ్టే చూపించింది. 2014లో నోకియా ఫోన్ల వ్యాపారం కొన్నది. ఏడాది తిరిగేసరికి, 2015 జూలైలో, ఆ వ్యాపారం పేరున 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసుకుంది. దాదాపు 7,800 మంది ఉద్యోగాలు పోయాయి. చేతిలో డబ్బు ఎక్కువైనప్పుడు మనిషికైనా కంపెనీకైనా ప్రతి బేరమూ మంచిదిలాగే కనపడుతుంది. మా బ్రాంచిలో అప్పు తీసుకున్నవాళ్లలో పంట నష్టం వల్ల చితికిపోయినవాళ్లు ఎక్కువే. మంచి ధర వచ్చిన ఏడాది తెలియని వ్యాపారంలో దిగి చితికిపోయినవాళ్లు కూడా తక్కువేం కాదు.

ఇప్పుడు పెద్ద కంపెనీలన్నిటికీ కొత్త నేల దొరికింది. కృత్రిమ మేధ కోసం డేటా సెంటర్లు. 2025 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఒక్క మైక్రోసాఫ్టే వాటి మీద 8,000 కోట్ల డాలర్లు పెడతానంది. మన విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఆ నేల ఎంత పండుతుందో రెండు మూడు పంటలు చూస్తే గాని తేలదు. మీ కంపెనీ కూడా ఆ వైపు పెద్ద మొత్తాలు మళ్లిస్తానంటే, మీ అబ్బాయిని ఒక్కటే అడగమనండి, దీనికి బిల్లు కట్టే ఖాతాదారుడు ఇప్పటికే ఉన్నాడా, లేక వస్తాడన్న ఆశ మీద కడుతున్నారా అని.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, బైబ్యాక్.

ఒక చీనీ తోట ఐదుగురు అన్నదమ్ములదనుకోండి. తోటతో పాటు ఉమ్మడి పెట్టెలో కొంత రొక్కం ఉంది. ఒక తమ్ముడు 'నా భాగానికి డబ్బిచ్చేయండి, నేను వెళ్లిపోతా' అన్నాడు. పెట్టెలోంచి తీసి ఇచ్చారు. ఇప్పుడు తోట నలుగురిది. ఒక్కొక్కరి భాగం పెరిగింది, పెట్టెలో రొక్కం తగ్గింది. ఇంతే బైబ్యాక్. మిగిలినవాళ్లకు లాభమా నష్టమా అనేది పోయే తమ్ముడికి ఎంత ఇచ్చారన్న దాని మీద ఉంటుంది. తోట విలువ కంటే ఎక్కువ ఇస్తే పోయినవాడు బాగుపడ్డాడు, ఉన్నవాళ్లు కోల్పోయారు. తక్కువ ఇస్తే ఉన్నవాళ్లు బాగుపడ్డారు. షేర్ల సంఖ్య తగ్గింది కాబట్టి అందరికీ లాభమే అని టీవీలో చెప్పే మాట సగమే నిజం.

లెక్క వేసి చూద్దాం. ఇన్ఫోసిస్ 2025 చివర్లో చేసిన బైబ్యాక్ తీసుకుంటాను. 18,000 కోట్లు పెట్టి, షేరు 1,800 రూపాయల చొప్పున 10 కోట్ల షేర్లు కొన్నది. బోర్డు నిర్ణయం తీసుకున్న రోజుల్లో మార్కెట్ ధర 1,500 ప్రాంతంలో ఉంది. ఇలాంటి బైబ్యాక్‌లో 15 శాతం చిన్న వాటాదారులకు విడిగా ఉంచాలని షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన. రికార్డు తేదీ నాడు, అంటే ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో కంపెనీ లెక్క చూసుకునే రోజు, 2 లక్షల రూపాయల లోపు విలువైన షేర్లున్నవాళ్లు చిన్న వాటాదారులు. మీలాగా 110 షేర్లున్న మనిషికి 1,500 లెక్కన 1,65,000 రూపాయలు, కాబట్టి ఆ వరుసలోకి వస్తారు. ఆ వరుసలో ప్రతి 11 షేర్లకు 2 తీసుకుంటామన్నారు. అంటే 110కి 20 షేర్లు. వచ్చేది 36,000. అవే 20 షేర్లు మార్కెట్లో అమ్మితే 30,000 ప్రాంతం. తేడా ఆరు వేలు. మీ అబ్బాయి 'ఇచ్చేద్దాం' అన్నాడు గానీ, అన్నీ ఇద్దామన్నా అన్నీ తీసుకోరమ్మా. మిగతా 90 మీ దగ్గరే ఉంటాయి. కొంతమంది ఇవ్వకుండా ఊరుకుంటే వాళ్ల భాగం నుంచి మీవి ఇంకొన్ని తీసుకోవచ్చు, అంతే.

పన్ను సంగతి జాగ్రత్త. ఈ నిబంధన మారుతూ వచ్చింది. 2019 జూలై నుంచి మార్కెట్లో షేర్లు అమ్ముడయ్యే లిస్టెడ్ కంపెనీల బైబ్యాక్‌కు కూడా పన్ను కంపెనీయే కట్టేది. 2024 అక్టోబరు 1 నుంచి ఆ భారం వాటాదారు మీద పడింది. చేతికొచ్చిన మొత్తం డబ్బునీ డివిడెండు కింద లెక్కేసేవారు. పెద్ద ఆదాయం ఉన్నవాళ్లకు అది గట్టి దెబ్బ. ఫ్యామిలీ పెన్షన్ మీద బతికే మీలాంటివాళ్లకు మొత్తం ఆదాయం పన్ను పరిమితి దాటకపోతే పెద్ద బాధ ఉండేది కాదు. ముందు 10 శాతం పట్టుకున్నా రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకునే వీలుండేది. మీరు ఇచ్చే సంవత్సరంలో ఏ నిబంధన నడుస్తోందో ఆడిటరుకు ఒక్క ఫోను చేసి తెలుసుకోండి. ఫారం నింపే ముందే అడగాలి, ఇచ్చేశాక అడిగి లాభం లేదు.

అయితే ఇవ్వాలా, వద్దా? ఇంకో లెక్క చెప్పి నా మాట చెప్తాను. ఇన్ఫోసిస్ మొదటి బైబ్యాక్ 2017లో, 13,000 కోట్లు, షేరు 1,150 రూపాయలు. అప్పట్లో మార్కెట్ ధర కంటే బాగా ఎక్కువ. ఇచ్చినవాళ్లు సంతోషించారు. మరుసటేడు, 2018లో, షేరుకు షేరు బోనస్ ఇచ్చారు. ఇవ్వకుండా ఉంచుకున్నవాడి ఒక షేరు రెండయింది. ఆ రెంటికీ 2025లో కంపెనీ పెట్టిన ధర 3,600. మధ్యలో ఎనిమిదేళ్ల డివిడెండ్లు అదనం. అందరూ మరవ దగ్గర నీళ్లు పట్టుకోవడానికి పరుగెత్తితే, చెరువులో భాగం ఉంచుకున్నవాడు ఎక్కువ సంపాదించాడు. రేపూ అట్లే జరుగుతుందని దీనర్థం కాదు, కృత్రిమ మేధ వల్ల సాఫ్ట్‌వేర్ పని ఎలా మారుతుందోనన్న భయం ఇప్పుడు నిజంగానే ఉంది.

మీకు మాత్రం డబ్బుతో పని ఉంది. మిద్దె కారుతోంది. కాబట్టి బైబ్యాక్ వస్తే, మార్కెట్ ధర కంటే బాగా ఎక్కువిస్తే, మీ వాటాకు ఎన్ని తీసుకుంటారో అన్నీ ఇవ్వండి. ఆ డబ్బు బ్యాంకులో పడిన రోజే మేస్త్రీని పిలిపించండి. వానాకాలానికి ముందు పని జరగాలి. నాపరాళ్ల మిద్దె అయితే బండల మధ్య సందులు గీకించి కొత్తగా పూయించాలి, పైపైన రంగు పూసి పోతామంటే ఒప్పుకోకండి. మిగతా షేర్లు ఉంచుకోండి. బైబ్యాక్ వస్తుందని కొత్తగా షేర్లు కొనొద్దు. ఆ ఎప్పుడో అనే రోజు కోసం మిద్దె పని కూడా ఆపొద్దు. ఈ వానకు ఆగదనిపిస్తే 20 షేర్లు మార్కెట్లోనే అమ్మేయండి. ఐదారు వేల తేడా కోసం ఇంకో ఏడాది తడి గోడల మధ్య పడుకోవద్దు.

కంపెనీ మాత్రం ఎప్పుడంటే అప్పుడు, ఎంతంటే అంత కొనేయడానికి లేదు. వాటాదారులు చెల్లించిన మూలధనం, ఫ్రీ రిజర్వులు (పంచడానికి వీలున్న పాత మిగులు) కలిపిన మొత్తంలో 25 శాతం మించకూడదు, ఒకసారి కొన్నాక మళ్లీ కొనడానికి ఏడాది ఆగాలి. కొన్ని కంపెనీలు ఇంకో అడుగు ముందుకేసి ఎంత పంచుతామో ముందే చెప్తున్నాయి. ఐదేళ్లలో మిగిలే నగదులో సుమారు 85 శాతం డివిడెండ్లు, బైబ్యాక్‌ల రూపంలో ఇస్తామని ఇన్ఫోసిస్ చెప్పింది. ఇది నాకు నచ్చే పద్ధతి. మరవ ఎత్తు ముందే రాళ్లతో కట్టి ఉంటే, చెరువు నిండాక ఊళ్లో గొడవ ఉండదు. మీ కంపెనీ ఇలాంటి మాట ఇచ్చిందా, ఇచ్చి నిలబెట్టుకుందా అని మీ అబ్బాయి చేత వార్షిక నివేదికలో వెతికించండి.

మీ తమ్ముడి భయాన్ని నేను తీసిపారేయను. తెలుగువాళ్లకు అది తగలకూడని చోట తగిలిన దెబ్బ. 2008 డిసెంబరు 16న హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం తన దగ్గరున్న నగదుతో, యజమాని కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామంది. వాటాదారులు తిరగబడితే కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకుంది. మూడు వారాల తర్వాత, 2009 జనవరి 7న, యజమాని రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవే లేవు. చెరువు నిండుగా ఉందని ఊరంతా నమ్మింది, కట్ట ఎక్కి చూసినవాడు లేడు.

కట్ట ఎక్కి చూడడమంటే ఏమిటో దగ్గర్నుంచి చూసినవాణ్ణి కాబట్టి చెప్తాను. మార్చి 31 దాటాక మా బ్రాంచికి ఆడిటర్ల కవర్లు వచ్చేవి. ఫలానా ఖాతాలో, ఫలానా డిపాజిట్‌లో ఆ రోజు ముగింపు నిల్వ ఎంతో రాయాలి. మేనేజరు సంతకం, బ్రాంచి రబ్బరు స్టాంపు వేసి నేరుగా ఆడిటరు అడ్రసుకే టపాలో పంపాలి. ఒకసారి ఒక నూనె మిల్లు గుమాస్తా మా కౌంటరు దగ్గర నిలబడి, 'పోస్టు ఖర్చెందుకు సార్, నేనే పట్నం పోతున్నా, చేతికిచ్చేయండి' అన్నాడు. నేను కొత్తవాణ్ణి, ఇవ్వబోయాను. మా మేనేజరు లోపల్నుంచి చూసి, లేచి వచ్చి, నా చేతిలోంచి కవరు తీసుకుని, టపా సంచిలో వేసి, ఒక్క మాటా అనకుండా వెళ్లి కూర్చున్నాడు. ఆ రోజు ఆ పట్టుదల ఎందుకో నాకు పూర్తిగా అర్థం కాలేదు. సత్యం వ్యవహారంలో ఈ నిర్ధారణ ఉత్తరాలను పంపడం, తీసుకోవడం ఆడిటర్లు పూర్తిగా కంపెనీ యాజమాన్యం చేతికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011లో తేల్చినప్పుడు మా మేనేజరు ముఖం కళ్ల ముందు కదిలింది.

అప్పట్నుంచి కొన్ని మార్పులు వచ్చాయి. యజమానులు తమ షేర్లు తాకట్టు పెడితే బయటికి చెప్పి తీరాలని సెబీ 2009లోనే నిబంధన పెట్టింది. 2013 కంపెనీల చట్టం ఆడిట్ సంస్థలను మార్చడం తప్పనిసరి చేసింది, పదేళ్లకు మించి ఒకే సంస్థ కొనసాగకూడదు. ఇంట్లో కూర్చుని మీరు చూడగలిగినవీ ఉన్నాయి. మూడు నెలలకొకసారి వచ్చే వాటాదారుల పట్టికలో యజమానుల తాకట్టు షేర్లు ఎన్ని ఉన్నాయో చూడండి, అక్కడ సున్నా ఉంటే మంచిది. నగదు కుప్పలుగా ఉందని చెప్పే కంపెనీ కారణం చెప్పకుండా అప్పులు తెస్తోందా చూడండి. యజమాని బంధువుల కంపెనీలతో కొనుగోళ్లు ఉన్నాయా చూడండి. అలాంటిది ఏ ఒక్కటి కనపడినా మీ తమ్ముడి మాట వినండి, అమ్మేయండి. అంతవరకు సత్యం పేరు చెప్పి భయపడి అమ్మకండి. బంగారం తప్పని నేననను, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధి మీదుగా పోతే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ ఉన్నదంతా ఒకే చోట పెట్టడం, అది షేరైనా బంగారమైనా, మీ వయసులో మంచిది కాదు. ఇంకో పని ఈ వారమే చేయండి. షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతాలో నామినీగా అబ్బాయి పేరు ఉందో లేదో చూసుకోండి. మీ ఆయన షేర్లు మీ పేరు మీదికి మార్పించుకోవడానికి ఎన్నిసార్లు తిరిగారో మీకే తెలుసు.

చివరికి కడప ఆఫీసు. ఉత్తరంలో మీరు అన్నిటికంటే ప్రేమగా అడిగింది ఇదేనని నాకు తెలుసు.

డబ్బు లేక రావడం లేదని అనుకోకండి. వేల కోట్లున్న కంపెనీకి వంద మంది కూర్చునే ఆఫీసు ఒక ఖర్చు కాదు. వాళ్లు చూసేది వేరే. కావలసినప్పుడు పని తెలిసిన మనుషులు దొరుకుతారా, ఖాతాదారుడు పొద్దున విమానం దిగి సాయంత్రానికి తిరిగి వెళ్లగలడా. ప్రభుత్వాలు రాయితీలిచ్చి పిలిస్తే కదులుతారు. విశాఖలో టీసీఎస్‌కు 21 ఎకరాలు 99 పైసలకు ఇవ్వాలని 2025లో నిర్ణయించారు కదా. మన దగ్గర ఏమీ లేదా అంటే ఉంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, అనంతపురం జేఎన్టీయూ, కర్నూలులో ఇంకో ట్రిపుల్ ఐటీ నుంచి ఏటా పిల్లలు బయటికొస్తున్నారు. ఓర్వకల్లు వైపు గని, శకునాల ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. రాత్రీ పగలూ కరెంటు తాగే ఈ కంపెనీలకు మన ఎండ కావాలి, మన పిల్లలు కావాలి. ఆ పిల్లలు కూర్చుని పని చేసే చోటు మాత్రం బెంగళూరులోనే ఉండాలంటే, అది నాకూ మింగుడు పడదు.

మీరు దీని గురించి ఒక పని చేయగలరు. 110 షేర్లున్న మీరు ఆ కంపెనీకి ఒక యజమాని. ఏటా జరిగే వాటాదారుల సమావేశం చాలా కంపెనీలు ఇప్పుడు వీడియోలోనే పెడుతున్నాయి. నోటీసు మీ ఈమెయిలుకు వస్తుంది. మాట్లాడాలనుకునేవాళ్లు ముందుగా పేరు నమోదు చేసుకోవాలని, ఏ తేదీ లోపల, ఏ అడ్రసుకు రాయాలో అందులోనే ఉంటుంది. డీమ్యాట్ నంబరు, పాన్ నంబరు దగ్గర పెట్టుకుని అబ్బాయి చేత నమోదు చేయించండి. మీకు దొరికేది రెండు మూడు నిమిషాలే, కాబట్టి ప్రశ్న కాగితం మీద రాసుకోండి. ఇంగ్లిషు రాదని వెనక్కి తగ్గొద్దు, అబ్బాయి రాసిపెడతాడు, మీరు చదవండి. నేనైతే ఇట్లా రాస్తాను:

'అయ్యా, నేను కడప నుంచి మాట్లాడుతున్నాను. మన కంపెనీ దగ్గరున్న నగదులో ఎంత భాగం జీతాలకు, ఎంత కొత్త పనులకు, ఎంత మాకు తిరిగి ఇవ్వడానికి అని విడగొట్టి చెప్పగలరా? వచ్చే మూడేళ్లలో బెంగళూరు, హైదరాబాదు బయట, మాలాంటి జిల్లా కేంద్రాల్లో వంద మంది పని చేసే ఆఫీసులు పెట్టే ఆలోచన ఉందా? లేకపోతే అడ్డేమిటో చెప్పండి, దాన్ని మా ఊళ్లో అడగాల్సినవాళ్లను మేం అడుగుతాం.'

మీ పేరు పిలిచినప్పుడు మైకు ఆన్ చేయడం మర్చిపోకండి. వాళ్లు ఏం జవాబిచ్చారో నాకు రాయండి. ఇదే చోట వేస్తాను.